డ్రమ్ముల వెంట వచ్చినవాళ్లు

మా వదిన సంగీతం నేర్పే పద్ధతి చూస్తే ఎవరైనా పారిపోతారు. వచ్చినవాళ్లను మధ్యగదిలో గోడకు ఆనుకోనివ్వకుండా కూర్చోబెట్టి, శ్రుతిపెట్టె మోగించి, ఒకే ఒక్క స్వరం పట్టుకోమంటుంది. నెలంతా అదే. పాట మాటెత్తితే కళ్లెర్రజేస్తుంది. నా భర్తకు అక్క కాబట్టి సర్దుకున్నాను గానీ, వంటింట్లో ఆ స్వరం విని విని నాకే పిచ్చెక్కేది.

ఆవిడ బెంగ ఒక్కటే. ఇంట్లో మేం ‘పెద్దపాట’ అనుకునేది ఒకటుంది. పాడటానికి ముప్పావు గంట పడుతుంది. గురువుగారు నోటితో చెబితే ఈవిడ చెవితో పట్టుకుంది. ఇప్పుడది ఈవిడకు తప్ప ఇంకెవరికీ రాదు. గొంతేమో పైస్థాయికి వెళ్లేసరికి పాతగుడ్డలా చిరుగుతోంది. ఎవరికీ అప్పజెప్పకుండా పోతే పాట కూడా తనతోనే పోతుందని ఆవిడ భయం.

వదిన కొడుకు సభలకు మైకులు పెట్టే షాపు నడుపుతాడు. తల్లి పెద్దపాట పాడుతుంటే రికార్డు చేసి, మూడు నిమిషాల ముక్క కోసి, దాని కింద డ్రమ్ములూ గిటారూ వేసి జనం ఫోన్లలోకి వదిలాడు. వదిన మొదటిసారి అది విన్నది క్షవరం షాపు ముందు. కూరగాయల సంచి నా చేతిలో పెట్టి, ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. వచ్చాక మూయలేదు.

"తల కోశావు, తోక కోశావు, మెడలో డప్పు కట్టావు. ఇంకేం మిగిల్చావురా?"

"పదిమందీ వింటున్నారు కదమ్మా!"

"వింటున్నారా, కాళ్లూపుతున్నారా?"

"రెండూ చేస్తే తప్పేంటి వదినా?" అన్నాను. నాకు ఆ డ్రమ్ములు బాగానే ఉన్నాయి మరి.

"నీకేం తెలుసు? ఊరుకో."

నాకు అక్షరాలు కొన్నే వచ్చు గానీ, చెవులు రెండూ ఉన్నాయి. ఆ మాట మొహం మీదే అనేశాను.

తర్వాతి వారం నుంచి మా మెట్ల మీద చెప్పులే చెప్పులు. ఆ పాట నేర్పమని వచ్చినవాళ్లు! ముందుగా సిటీబస్సు నడిపే ఆవిడ కూర్చుంది. "ఏదీ, నీకు వచ్చింది పాడు" అంది వదిన. ఆవిడ కళ్లు మూసుకుని బాగానే ఎత్తుకుంది. సగంలో అదే శ్రుతిలో "తప్పు... మళ్లీ..." అని సాగదీసి, మళ్లీ పాటలోకి వెళ్లింది.

"మధ్యలో అదేంటమ్మా?"

"పాటలోదే కదా టీచర్! నాకు అన్నిటికంటే అదే ఇష్టం. ఎంత బాధగా ఉంటుందో!"

రెండో మనిషీ అదే పాడాడు. మూడో ఆయన, దర్జీ, ఆ "మళ్లీ" మీద ఇంకో నాలుగు మెలికలు కూడా తిప్పాడు. నేను వంటింట్లో గిన్నె జారవిడిచి నవ్వాను. రికార్డు చేసిన రోజు పక్కన ఎవరో శిష్యురాలు తప్పు పాడితే వదిన కసిరిన కసురది.

కొడుకును నిలదీస్తే, "నేనూ పాటే అనుకున్నానమ్మా. నేను పుట్టినప్పటి నుంచి అది లేకుండా నువ్వెప్పుడు పాడావు గనక!" అన్నాడు. వదిన తిట్టబోయి నవ్వేసింది.

నవ్వింది గానీ వదల్లేదు. అందరినీ ఒక్క స్వరం మీద కూర్చోబెట్టింది. "డ్రమ్ములు ఎప్పుడు పెడతారండీ?" అని దర్జీ రోజూ అడిగి, ఓ రోజు మానేశాడు. నెల తిరిగేసరికి మెట్లు ఖాళీ.

"చూశావా, డ్రమ్ముల వెంట వచ్చినవాళ్లు డ్రమ్ముల దగ్గరికే పోయారు" అంది వదిన.

"బస్సావిడ పోలేదుగా" అన్నాను.

పోలేదు. డ్యూటీకి ముందు ఖాకీ చొక్కాతోనే వచ్చేది. "సిగ్నల్ దగ్గర ఇంజిన్ మోత మీదే స్వరం పట్టుకుంటున్నా టీచర్. జనం బండి పాడైందనుకుంటున్నారు" అనేది.

పెద్దపాట మొదలైంది. ముక్కలుముక్కలుగా ముందుకెళ్లి, చివర్లో పైకి ఎక్కే చోట ఆగిపోయింది. అక్కడ వదినకు గొంతు లేదు. చెయ్యి ఊపి చూపించింది, గాలిలో గీతలు గీసింది. బస్సావిడకు ఏదీ అందలేదు. వదిన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"కిందిస్థాయిలో పాడి చూపించొచ్చుగా వదినా?"

"గురువుగారు అలా చెప్పలేదు."

"గురువుగారు లేరు. నువ్వున్నావు. ఆ పిల్ల ఉంది. వాడు కోశాడని అరిచావు, నువ్వు దాచుకుని పాతేస్తావా?"

మూడోనాడు పొద్దున్నే బస్సావిడను పిలిచి, "నేను కింద పాడతా, నువ్వు పైకెక్కించుకో" అంది. ఆవిడ రెండుసార్లు జారింది. తర్వాత ఎక్కింది. ఎంత ఎత్తుకంటే పక్కింటివాళ్లు కిటికీ తీశారు.

ఆ చలికాలంలో ఓ ఆదివారం బస్సావిడ పెద్దపాట మొదటి నుంచి చివరిదాకా పాడింది. వదిన ఒక్కచోటా ఆపలేదు. అయ్యాక లేచి నీళ్లు తాగొచ్చి, మామూలుగానే కూర్చుంది.

"మా డిపోలో పాడమంటున్నారు టీచర్."

"మొత్తం పాడతావా?"

"మొత్తం."

"అయితే మైకులు మావాడు పెడతాడు. పాట అయ్యాక వాడి డ్రమ్ములు కూడా మోగించుకోమను, నాకేం! నాకూ మా మరదలికీ ముందు వరసలో కుర్చీలు వేయించు."

నాకు మాత్రం వెనక వరసే కావాలన్నాను. ముప్పావు గంట కూర్చోవాలంటే ఎవరికంటా పడకుండా కాళ్లు చాపుకోవద్దూ?