పొయ్యిలో నీళ్లు పోసిన రోజు

మొన్న వానలో ఫిల్మ్‌నగర్ మీదుగా వస్తుంటే నేనెక్కిన ఆటో ఆగిపోయింది. రోడ్డు పక్కన షూటింగ్. గొడుగు కింద నిలబడ్డ ఒకాయన మైకులో "అందరూ పక్కకు జరగండి!" అని అరిచాడు. అంతే, ఆటో కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను. డ్రైవరు అద్దంలో చూసి "ఏమైంది సార్, పానం మంచిగ లేదా?" అన్నాడు. బాగానే ఉంది, పాత భయం అన్నాను. వాన, మైకు, ఆ వాలు రోడ్డు ఒక్కచోట కలిస్తే ఈ వయసులోనూ నాకు పారిపోవాలనిపిస్తుంది.

నేను గుమాస్తాగా పనిచేసింది వాగు ఒడ్డున ఒక చిన్న మున్సిపాలిటీలో. పెద్దగా ఊహించుకోకండి. పెంకుల కప్పు, రెండు బీరువాలు, ఒక కుంటి కుర్చీ. ఆ కుర్చీ నాది. జనన మరణాలు రాయడం, నల్లా అర్జీలు తీసుకోవడం నా పని. వానాకాలం వస్తే మాత్రం అందరం వాగు పక్క వాడకు పరుగెత్తాలి. నీళ్లు గడప దాకా వచ్చినా జనం కదిలేవారు కాదు. మా హెడ్ క్లర్కుగారు ఎవరినీ బతిమాలేవారు కాదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, మండుతున్న పొయ్యిలో చెంబెడు నీళ్లు పోసేవారు. ఇంటావిడ శాపనార్థాలు పెడుతూ వెంటపడేది, ఆమె వెనక ఇంటిల్లిపాదీ. ఆయన తిట్లు తింటూ ముందు నడిచి, అందరినీ బడి వరండా ఎక్కించేవారు. "తిట్టనీయవయ్యా, తిట్టుకుంట నడుస్తున్నరు గద!" అనేవారు నాతో. ఒకరి పొయ్యి ఆర్పడానికి నాకు ఎన్నడూ చేతులు రాలేదు.

తరవాత ఐటీ రోజులు వచ్చాయి. నగర కార్పొరేషన్‌లో మనుషులు చాలక మావంటి చిన్న ఊళ్ల గుమాస్తాలను డెప్యుటేషన్ మీద పిలిపించుకున్నారు. నన్ను జూబ్లీహిల్స్ వైపు వేశారు. రహమత్ నగర్‌లో గది కిరాయికి తీసుకున్నాను. ఆ గుట్టల మీద ఎటు చూసినా రాళ్లు పగలగొట్టడమే, మేడలు లేపడమే.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. ఫిల్మ్‌నగర్ వాలులో ఒక బస్తీ, దాని నెత్తిన ఏనుగంత బండ. బండ పక్కనే ఎవరిదో మేడకు పునాది తవ్వారు. బండ కింది మట్టి కొట్టుకుపోతోందని మా ఇంజనీరు చూసి, ముఖం పాలిపోయి దిగివచ్చాడు. "మీరు మైకులో చెప్పి ఇళ్లు ఖాళీ చేయించండి, నేను పోలీసులను తీసుకొస్తా" అని నా చేతిలో మైకు పెట్టి జీపెక్కాడు. నేనొక్కణ్ణే మిగిలాను.

"బండ జారుతోంది, ఇళ్లు ఖాళీ చేయండి!" అని అరిచాను. జనం బయటికొచ్చారు, నవ్వుకుంటూ. ఒకావిడ గబగబా జుట్టు సవరించుకుంది. కుర్రాళ్లు కెమెరా ఎక్కడుందా అని నా వెనక వెతికారు. ఆ బస్తీలో సగంమంది సినిమాల్లో గుంపు సీన్లలో నిలబడి బతికేవాళ్లు. ఎన్నో వరదలు, మంటలు చూసినవాళ్లు. అన్నీ ప్యాకప్‌తో అయిపోయినవే.

"షూటింగ్ కాదమ్మా, నిజం!" అన్నాను.

"గిట్లనే అంటరు, మొకాలల్ల భయం మంచిగ రావాలని" అంది జుట్టు సవరించుకున్నావిడ.

బండ కిందే ఉన్న మొదటి ఇంటి గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడింది. కోస్తా నుంచి వచ్చి ఏడుపు సీన్లలో ముసలిదైన మనిషి. "అలాక్కాదు బాబూ, భయమంటే గొంతు వణకాలి. ఇంకోసారి చెప్పండి" అని నాకే నేర్పింది. నా గొంతు అప్పటికే వణుకుతోంది. అంతలో గులకరాళ్లు దొర్లి ఆమె ఇంటి రేకుల మీద పడ్డాయి. ఉద్యోగం పోతే పోయిందని పారిపోవాలనిపించింది.

మైకు కింద పెట్టేసి, ఆమెను దాటుకుని లోపలికి దూరాను. కట్టెల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. బిందెలో చెంబు ముంచి పొయ్యిలో పోశాను. బుస్సుమని పొగ లేచింది.

"నీ చేతులు పడిపోనూ! ఉడికే అన్నం కింద నీళ్లు పోస్తావురా?" అంటూ ఆమె గరిటె ఎత్తింది. నేను పక్కింట్లోకి దూరాను. అక్కడా పోశాను. గుమ్మం దగ్గర ఎవరో కేక పెట్టారు: "షూటింగోళ్లయితే మన అన్నం జోలికి రారు! గిది నిజమే, ఉరకుండ్రి!"

పసిపిల్లల్ని చంకనేసుకుని అందరూ వాలు దిగారు. ముసలమ్మ మాత్రం నన్ను తిట్టడానికే దిగింది. మేం రోడ్డు చేరేసరికి వెనక నేల అదిరింది. తిరిగి చూస్తే ఆమె ఇల్లు లేదు, దాని చోట బండ ఉంది.

ఆమె గరిటె పట్టుకునే రోడ్డు మీద కూలబడింది. నా మణికట్టు పట్టుకుంది. బండ వైపే చూస్తూ "నిజం భయమంటే ఇదా బాబూ? ఏడుపే రావడం లేదు" అంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు ఆనాటి ఆమె వయసులో ఉన్నాను. అప్పటి పేర్లు, ముఖాలు ఎన్నో చెరిగిపోయాయి. ఆ గుమ్మం నుంచి రోడ్డు దాకా దిగివచ్చిన కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.