మారెక్క చూపని పాదాలు

టీవీ డాక్టరు దగ్గరికి పోయే రోజు మారెక్క పొద్దున్నే తలకు పోసుకుంది. పక్కింటి ఓబమ్మ వచ్చి జడ వేసి, ముఖానికీ పాదాలకూ పసుపు రాసింది. తన పెట్టెలోంచి మడత చీర తెచ్చి కట్టించింది.

"బెంగళూరు డాక్టరు నిన్ను టీవీలో చూస్తాడంట. కలుపు తీసే మొగం పెట్టుకొని పోతావా?"

"ఊరికే ఉండు మే. పెండ్లిచూపులకు పోతాండానా నేను?" అని మారెక్క నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే ఆయాసం వచ్చింది. గోడకు ఆనుకుని, ఊపిరి అందాక మిగతా సగం నవ్వింది.

పాదాలకు పసుపు రాస్తూ ఓబమ్మ ఆగింది. "మెట్టెలు ఇంత బిగుసుకున్నాయేమే? కదలనే కదలవు."

"సంసారం గట్టిగా ఉండాదిలే."

మారెక్కది గుమ్మఘట్ట దగ్గరి పల్లె. వానలు పడిన ఏడు శనక్కాయ చేలల్లో కూలి, పడని ఏడు బెంగళూరులో ఇటుకలు మోసే పని. సాలు పట్టి శనక్కాయ పీకితే అందరికంటే ముందు గట్టు చేరేది ఆమే. గట్టు మీద నిలబడి వెనకబడిన వాళ్ళను ఎగతాళి చేసేది. చిన్నప్పుడు కీళ్ళు వాచి, జ్వరమొచ్చి తగ్గింది. తగ్గింది అనుకున్నారు. ఆ జ్వరం పోతూ పోతూ గుండెను పాడు చేసి పోయిందని, నలభై దాటాక అనంతపురం పెద్దాసుపత్రిలో చెప్పారు. గుండెలో కవాటం మూసుకుపోతోంది, ఆపరేషన్ చేస్తే బతుకుతుంది, ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా చేస్తారు, తెల్ల కార్డు తీసుకురమ్మన్నారు.

ఆ కార్డే వాళ్ళకు లేదు. ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకున్న ఏడాది మారెక్క, మొగుడు ఈరప్ప బెంగళూరులో ఇటుకల దగ్గర ఉన్నారు. తలుపుకు తాళం చూసి, ఊళ్ళో లేరని పేర్లు కొట్టేశారు. కరువు తరిమితే ఊరు వదిలినవాళ్ళకు, ఊరు వదిలారని శిక్ష. అదే ఊళ్ళో ట్రాక్టరున్న ఇంటికి తెల్ల కార్డు ఉంది. రెండంతస్తుల మిద్దెకూ ఉంది.

ఈరప్ప మండలాఫీసు చుట్టూ తిరిగాడు.

"కొత్త కార్డులు ఇంకా రాలేదప్పా. మళ్ళా రా," అన్నాడు గుమాస్తా.

"నేను మళ్ళా వస్తా సార్. ఆయమ్మ గుండె అందాకా ఆగల్ల కదా."

"నన్నేం చేయమంటావప్పా? పైనుంచి రావల్ల."

దారి చూపింది ఊరి ఆశా కార్యకర్త కృపాకుమారి. రాయదుర్గంలో ఒక ట్రస్టు వాళ్ళు గది అద్దెకు తీసుకుని పెద్ద టీవీ పెట్టారు. ఆదివారం బెంగళూరు నుంచి గుండె డాక్టరు ఆ టీవీలోకి వచ్చి రోగులను చూస్తాడు. కార్డు లేనివాళ్ళలో జబ్బు బాగా ముదిరినవాళ్ళను ఏరి, వాళ్ళే ఆపరేషన్ చేయిస్తారు.

"ఉండేది ఉండేట్లు చెప్పు మారెక్కా. కాళ్ళు చూపించు. నీ కాళ్ళ వాపు చూస్తే చాలు, ఆయప్పే పిలిపిస్తాడు," అని కృపాకుమారి మరీ మరీ చెప్పింది. తోడు పోవాలనే అనుకుంది. ఆ ఆదివారమే పిల్లలకు పోలియో చుక్కలు వేసే పని పడింది.

గది చిన్నది, రోగి ఒక్కరే లోపలికి రావాలన్నారు. ఈరప్ప బయట మెట్ల మీద కూర్చున్నాడు. మారెక్క చెప్పులు విడిచి లోపలికి పోయింది. మిషను నడిపే రాఘవేంద్ర ఒక్కడే ఉన్నాడు. నర్సు సెలవు పెట్టింది. ఎదురుగా టీవీలో మనిషి తలకు రెండింతలున్న తల. నెరిసిన జుట్టు, అద్దాలు, మంచి ముఖం. మారెక్క రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది.

"చెన్నాగిద్దీరా అమ్మా?" అన్నాడు డాక్టరు. బాగున్నావా అని. సరిహద్దు పల్లె మనిషికి కన్నడం కొత్త కాదు. పెద్దవాళ్ళు బాగున్నావా అని అడిగితే బాగున్నానని చెప్పడం ఆమె ఎరిగిన మర్యాద.

"చెన్నాగిదీని సామీ. మీరు బాగుండారా?"

డాక్టరు నవ్వాడు. రోగులు తనను ఆ మాట అడగడం అరుదేమో. ఆయాసం ఎలా ఉందని అడిగాడు.

"పని చేస్తే రాకుండా ఉంటాదా సామీ. కూకుంటే పోతాది."

కాళ్ళు వాచాయేమో చూపించమన్నాడు. రాఘవేంద్ర ఒక ఎత్తు స్టూలు తెచ్చి ఆమె ముందు వేశాడు. "కెమెరా కిందికి తిరగదక్కా. కాళ్ళు దీని మీద పెట్టు, ఆయనకు కనపడతాయి."

మారెక్క స్టూలు వైపు చూసింది. టీవీ వైపు చూసింది. స్టూలు మీద కాళ్ళు పెడితే, పాదాలు సరిగ్గా డాక్టరు ముఖానికి ఎదురుగా వస్తాయి.

"వద్దప్పా. అంత పెద్దాయన మొగానికి కాళ్ళు సాపుతారా యాడన్నా?"

"అది టీవీ కదక్కా."

"టీవీలో ఉండేది ఆయనే కదా."

పాదాలను కుర్చీ కిందికి లాక్కుని, కుచ్చిళ్ళు కప్పుకుంది. చూపించనంటోందని రాఘవేంద్ర డాక్టరుకు చెప్పాడు. బొమ్మ ఒకసారి గళ్ళు గళ్ళుగా చెదిరి మళ్ళీ కుదురుకుంది. బయట ఇంకా చాలామంది ఉన్నారు.

"వాపు ఎక్కువగా ఉందా అమ్మా?"

"రవంత సామీ."

డాక్టరుకు కనిపించింది పసుపుతో మెరుస్తున్న ముఖం, ఆకువక్కతో పండిన పెదవులు. అనంతపురంలో ఇచ్చిన మాత్రలే వాడమని, తొందరేమీ లేదని, మూడు నెలల తర్వాత రమ్మని చెప్పాడు.

బయటికొచ్చిన మారెక్క ముఖం వెలిగిపోతోంది. "బాగుండావన్నాడు. మూన్నెల్లకు రమ్మన్నాడు."

"కాళ్ళు చూపించినావా?" అన్నాడు ఈరప్ప.

"దండం పెట్టినా."

ఈరప్ప లేచి బస్టాండు దారి పట్టాడు. అంత పెద్ద డాక్టరు బాగుందన్నాడంటే నమ్మాలనే ఉంటుంది ఏ మొగుడికైనా.

మర్నాడు సంగతి విని కృపాకుమారి తల పట్టుకుంది. "నీ మర్యాద మన్నుగాను. కాళ్ళు చూపేదానికే కదా నిన్ను పంపింది."

"కోపం చేసుకోవద్దు తల్లీ. మళ్ళీసారి చూపిస్తాలే."

కృపాకుమారి ఆ గదికి ఫోను చేసింది. మూడు నెలలన్నాక మూడు నెలలే, వరుస తప్పించలేమన్నారు.

తెలివి తక్కువది అని ఆమెను అనేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. నేను అనను. కార్డున్న మనిషి పాదాన్ని డాక్టరు తన చేతిలోకి తీసుకుని వేలితో నొక్కి చూస్తాడు. ఆమె సిగ్గుపడే పని లేదు, ఆమె కాలు ఎత్తే పని లేదు. కార్డు లేని మనిషికి గాజు పలక మిగిలింది. పుట్టినప్పటినుంచీ మోతుబరుల అరుగుల ముందు కాళ్ళు ముడుచుకుని కూర్చోమని నేర్పిన లోకమే, ఒక్క ఆదివారం నాడు, ఉన్నట్టుండి కాళ్ళు చాపమంది. ఆమె చాపలేకపోయింది.

ఆ తర్వాత మారెక్కకు పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఊరంతా శనక్కాయ పీకుతున్న రోజుల్లో ఒక ఉదయం, ఈరప్ప నీళ్ళు తెచ్చి లేపితే లేవలేదు. వీపు గోడకే ఆని ఉంది. టీవీ డాక్టరు చెప్పిన గడువు ఇంకా రాలేదు.

మొగుడు ఉండగా పోయిన మనిషి కాబట్టి ముత్తైదువలు వచ్చారు. ఓబమ్మ మళ్ళీ ఆమె పాదాలకు పసుపు రాసింది. మెట్టెలు వాపులో పూడుకుపోయి, కనపడీ కనపడకుండా ఉన్నాయి. ఓబమ్మ వాటి చుట్టూ వేలికొనతో పసుపు అద్దింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వంగి ఆ పాదాలను తాకి కళ్ళకద్దుకున్నారు. పసుపు కుంకాలతో పోయింది, అదృష్టవంతురాలు అనుకున్నారు.

చర్చికి పోయే కృపాకుమారికి ఆ ఆచారం లేదు. అయినా వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని, ఒక పాదాన్ని చేతిలోకి తీసుకుంది. చీలమండ పక్కన బొటనవేలితో నొక్కింది. పసుపు మధ్య గుంత పడింది. వేలు తీసినా పూడలేదు.

ఈరప్ప వంగి ఆ గుంతను చూశాడు.

"ఇప్పుడు చూపిస్తాండాది చూడు తల్లీ," అన్నాడు.