లింగమ్మ పొయ్యికి పొగగొట్టం

నేరేడుచర్లలో మా సందు చివర ఒకే గోడకు అటూ ఇటూ రెండిళ్లు. ఒకటి తాపీ మేస్త్రీ సాంసన్‌ది, రెండోది గొర్లు పెంచుకునే లింగమ్మది. ఆ గోడ కట్టింది సాంసనే. క్రిస్మస్‌కు కేకు ఇటు నుంచి అటు, చూలు పశువు ఈనితే జున్నుపాలు అటు నుంచి ఇటు ఆ గోడ మీదుగానే వెళ్లేవి.

2020 వానాకాలంలో, దామరచర్లలో కరెంటు ప్లాంటు పనిలో ఉండగా సాంసన్‌కు కరోనా పట్టుకుంది. సూర్యాపేట దవాఖానలో చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండి, సగం మనిషై తిరిగొచ్చేసరికి అతని వాకిలికి అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. వేసింది లింగమ్మ. ఆమె కూతురు విజయ కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. అంతకుముందు ఆ పిల్లకు కడుపు నిలవలేదు. భయపడటంలో తప్పేం లేదు. కానీ ఇంటి మనిషిలా తిరిగినవాడి వాకిట్లో ముళ్లు వేయడానికి చెయ్యెలా వచ్చిందో! నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. సాంసన్ భార్య అరుణ చేతులు గీరుకుపోతున్నా ఆ కంపను ఈడ్చి లింగమ్మ వాకిట్లోనే పడేసింది. అప్పటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

చలికాలం వచ్చినా సాంసన్‌కు ఊపిరి మునుపటిలా అందలేదు. పొగకూ దుమ్ముకూ దూరంగా ఉండమన్నాడు డాక్టరు. మేస్త్రీకి దుమ్ము లేని చోటెక్కడ దొరుకుతుందో ఆయన చెప్పలేదు. క్రిస్మస్ దాటగానే పనిలోకి పోతానని సాంసన్ మాత్రం కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట వినబడగానే అరుణ లోపలికి వెళ్లిపోయేది.

డిసెంబరులో విజయకు బిడ్డ పుట్టింది. బాలింతకూ బిడ్డకూ నీళ్లు కాచడానికి లింగమ్మ పొద్దున్నే గోడ పక్కన పొయ్యి వెలిగించేది. మంచులో పొగ పైకి లేవదు కదా, గోడ దాటి సాంసన్ కిటికీలోకి దిగేది. ఒకరోజు దగ్గీ దగ్గీ అతని పెదాలు నల్లబడ్డాయి. అరుణ గోడ దగ్గరికి ఉరికింది.

"లింగమ్మక్కా, మనిషి సచ్చిపోతుండు. పొయ్యి అవుతలికి జరుపు!"

"పసిగుడ్డుకు నీళ్లు కాగబెట్టొద్దా? యాడికి జరపాలె? అవుతల గొర్ల దొడ్డి ఉన్నది."

అప్పుడు అరుణ చూపు పొయ్యిలో మండుతున్న కట్టెల మీద పడింది. తుమ్మకంప. నెలల తరబడి ఎండి భేషుగ్గా మండుతోంది.

"మా వాకిట్ల ఏసిన కంపేనా గిది?"

లింగమ్మ ఇంకో ముళ్లకొమ్మ అందుకుంది.

"అప్పుడు తొవ్వ మూసినవ్. ఇప్పుడు గదే కంపతోని పాణం తీస్తున్నవ్" అంది అరుణ. లింగమ్మ చేతిలోని ముళ్లకొమ్మ పొయ్యిలోకి పోకుండా అలాగే ఉండిపోయింది.

ఈలోగా గోడ పట్టుకుని సాంసన్ వచ్చాడు. "ఊకో అరుణా. అక్కా, నీ పొయ్యికి పొగగొట్టం కడత. పొగ పైకి పోతది."

"నీకు శాతనైతదా?" అంది అరుణ.

"శాతనైతే పనికి పోత. గిది కట్టలేనోణ్ణి గాడ గోడలేం కడత?"

అతను కట్టబోయేది లింగమ్మ కోసం కాదని, తనను తాను పరీక్షించుకోవడానికని అరుణకు అప్పుడు అర్థమైంది. వద్దనలేకపోయింది.

సిమెంటు పడదు కనుక ఎర్రమట్టిలో రైసుమిల్లు ఊక కలిపించాడు. మొహానికి తువ్వాలు కట్టుకున్నాడు. రెండిటుకలు పెట్టి కూర్చునేవాడు, మళ్లీ లేచేవాడు. ఒకపూటలో తేలిపోయే పని వారమంతా సాగింది. ఇటుకలు లింగమ్మే అందించింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ. అంత ఆయాసంలోనూ వరసలు దారం పట్టినట్టు వచ్చాయి.

"సూసినవా అరుణా, చెయ్యి మర్సిపోలే" అన్నాడు సాంసన్. ఆ మాటకు అరుణ నవ్వింది. చాలా రోజులైంది ఆ ఇంట్లో నవ్వు విని.

ఇటుకల గొట్టం కొసన నిలబెట్టాల్సిన పైపు ముక్క ఒక్కటే మిగిలింది. అది ఇంటి కప్పును దాటి నిలబడితేనే పొగ గాలిలో కలుస్తుంది. సాంసన్ నిచ్చెన వేశాడు. ఎత్తయిన పరంజాల మీద బీడీ కాల్చుకుంటూ నడిచినవాడు, కాస్త ఎక్కేసరికే నిచ్చెనను రెండు చేతులా కావలించుకున్నాడు. వీపు ఎగిసిపడుతోంది. అరుణ నడుము పట్టుకుని దింపింది.

"జర ఆగి ఎక్కుత" అన్నాడు. కాసేపటికి లేచి, మొదటి మెట్టు మీద చెయ్యి వేసి, అక్కడే కూలబడ్డాడు.

ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగును లింగమ్మ తీసి నడుముకు చుట్టింది. "ఎట్ల పెట్టాల్నో చెప్పు తమ్మీ" అంటూ తనే ఎక్కింది. అరుణ నిచ్చెన పట్టుకుంది. సాంసన్ కింది నుంచి ఆగి ఆగి చెబుతుంటే, లింగమ్మ పైపు నిలబెట్టి చుట్టూ మట్టి మెత్తింది.

మర్నాడు పొద్దున పొగ కప్పు మీదుగా పోయింది. సాంసన్ దగ్గకుండా చాయ్ తాగాడు. అప్పుడే దామరచర్ల నుంచి పెద్దమేస్త్రీ రామనర్సయ్య ఫోను చేశాడు.

"పండుగైనంక వస్తున్నవా?"

సాంసన్ కప్పు మీదుగా పోతున్న పొగను చూశాడు.

"నా జాగాల ఇంకోణ్ణి పెట్టుకో అన్నా" అన్నాడు.

అరుణ బయటికెళ్లి, మట్టి పట్టిన తాపీని శుభ్రంగా కడిగి తెచ్చింది. అలవాటు కొద్దీ దాన్ని పని సంచిలో పెట్టబోయింది.

"అండ్ల వద్దు" అన్నాడు సాంసన్. "అటక మీద పెట్టు."