మా అవ్వ కోసం ఏసీకి గడ్డి కట్టిన వైనం

ఈమధ్య జొన్నరొట్టెలను ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి ముడేసి ఇస్తున్నారు. పెనం మీదనుంచి దిగిన రొట్టె ఆ కవర్లో ఊపిరాడక చెమట కక్కి, ఇంటికి చేరేసరికి తడిసిన అట్టముక్క అవుతుంది. కాగితంలో చుట్టివ్వమ్మా అంటే, రొట్టెలమ్మే ఆమె నన్ను పాతకాలం మనిషిని చూసినట్టు చూస్తుంది. (నిజమే, పాతకాలం మనిషినే. అది మొహం మీద రాసి ఉందని మాత్రం తెలియదు.) గాలిలో ఉండే తడి ఎంత పని చేయగలదో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆ పాఠం నేను ఆళ్లగడ్డలో నేర్చుకున్నాను. దానికి ఫీజుగా మా అవ్వ కన్ను పోవలసింది, ఎలాగో తప్పింది.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, చల్లదనం కావాలంటే నంద్యాలలో మనుషులకు రెండే దారులుండేవి. మామూలువాళ్లకు కుండనీళ్లు, కిటికీకి వేలాడదీసిన తడి గోనెపట్టా. పరువున్నవాళ్లకు కూలరు. మూడు పక్కల వట్టివేరు తడికలు, అడుగున నీళ్లతొట్టి, లోపల రైలింజను మోత ఉన్న ఇనుప డబ్బా అది. నేను అప్పటికి బీఎస్సీ రెండో ప్రయత్నంలో గట్టెక్కి, ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. సీసాల మీది చీటీలు ఊడిపోకుండా చూడటం నా ఉద్యోగం. ఏటా మార్చి చివర ప్రిన్సిపాలు గారింటి కూలరును సిద్ధం చేయడం నా ప్రతిభ. పాత గడ్డి పీకి, తొట్టి తోమి, కారేచోట తారు పూసి, కొత్త గడ్డి కట్టి, కిటికీలు బార్లా తెరిచి స్విచ్చి వేసేవాణ్ణి. ఒక ఏడు ఆయన ఆ గాలికి కళ్లు మూసుకుని, "నీ చేతిలో ఏదో ఉందయ్యా" అన్నారు. మనిషి చెడిపోవడానికి అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు.

ఆళ్లగడ్డలో మా మామ పత్తి వ్యాపారం చేసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ తల్లి, ఆయన దగ్గరే ఉండేది. ఆమెకు రెండు కళ్లలో శుక్లాలు ముదిరిపోయాయి. కర్నూలులో ఒక కంటికి ఆపరేషను చేయించాలని నిశ్చయమైంది. డాక్టరు ముందే హెచ్చరించాడు. ఆపరేషనయ్యాక మూడు వారాలు ఆ కంట్లోకి నీటిచుక్క కాదు గదా, చెమటచుక్క కూడా దిగకూడదు, చీము పడితే ఇక తాను చేయగలిగిందేమీ ఉండదు అన్నాడు. మా అవ్వకు మాఘమాసంలోనే చెమట పడుతుంది. మామ ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు కర్నూలులో ఎవరో లాడ్జి ఎత్తేస్తుంటే అక్కడి ఏసీ ఒకటి కొని, బేతంచెర్ల బండలు తెచ్చే లారీలో వేయించుకొచ్చాడు. కర్నూలు మెకానిక్కు ఒకాయన వచ్చి అవ్వ గది గోడకు బొక్క కొట్టి బిగించి, "ఎండాకాలం ముందర ఒకసారి శుభ్రం చేయించుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు. అది డిసెంబరు. ఏప్రిల్లో అవ్వను కర్నూలులో చేర్చారు. మామ బస్సు కండక్టరుతో నాకు కబురంపాడు.

నేను స్క్రూడ్రైవరు, టెస్టరు, ఒక మోపు వట్టివేరుతో దిగాను. ల్యాబులోంచి స్పిరిట్ లెవెలు కూడా తెచ్చాను. (గాజుగొట్టంలో బుడగ అటూ ఇటూ జరిగి వంకర చూపిస్తుందే, అది. తెస్తున్నట్టు ల్యాబుకు చెప్పలేదు.) ఏసీ అనే వస్తువును అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. ఈ సంగతీ ఎవరికీ చెప్పలేదు. ముందు పలక ఊడదీసి, తల లోపల పెట్టి, కాసేపు ఆలోచిస్తున్నట్టు ఉన్నాను.

"ఏమప్పా, బాగుండాదా?" అంది అత్త, చెంపన చెయ్యి పెట్టుకుని.

"బాగానే ఉండాది గానీ అత్తా, దీనికి గడ్డే పెట్టలేదు."

"గడ్డి యాడ పెడతారు?"

"ఈడే, ముందర."

మామ నొసలు ముడేశాడు. "ఆ కర్నూలోడు గడ్డి మాటే చెప్పలేదే?"

"మరిచిపోయింటాడులే మామా," అన్నాను పెద్దమనసుతో.

తరవాత నీళ్లు పోసేచోటు వెతికాను. అడుగున రేకు పళ్లెం లాంటిది కనిపించింది. చెంబెడు పోస్తే వెనకనుంచి ధారగా బయటి గోడమీదికి కారిపోయాయి. "చూసినావా మామా, తొట్టికి బొక్క!" అన్నాను. "వాడిన సరుకు గదప్పా," అని మామ మొహం చిన్నబోయింది. తారు కాచి, గోనెపీచు కలిపి, ఆ బొక్కను నా జన్మలో ఏ పనీ చేయనంత శ్రద్ధగా మూశాను. ఇంకొక చెంబు పోస్తే చుక్క బయటికి రాలేదు. అప్పుడు లెవెలు తీసి పైన పెట్టాను. బుడగ ఒక చివరికి పారిపోయింది. పెట్టె మొత్తం బయటివైపుకి వాలి ఉంది. ఫిజిక్సు చదివినవాడు అలాంటిది చూసి ఊరుకోలేడు. బయటికెళ్లి, నిచ్చెన వేసుకుని, కింద రెండు బేతంచెర్ల బండముక్కలు దోపి, బుడగను నడిమధ్యకు తెచ్చాను. వెంట్రుకవాసి గదివైపు వంగిందేమో గాని, చూడటానికి అందంగానే ఉంది. ముందువైపు నల్లగా మసిపట్టిన జల్లెడలాంటిది ఒకటి ఉంటే, బల్లులు దూరకుండా పెట్టారనుకుని దాని జోలికి పోలేదు. దానిమీదనే గడ్డి కట్టి, తడిపి, స్విచ్చి వేశాను.

చల్లటి గాలి వచ్చింది. దిగ్భ్రాంతి చెందినవాళ్లలో నేను మొదటివాణ్ణి, కానీ మొహాన కనపడనివ్వలేదు. అత్త కొంగు భుజాల మీదికి లాక్కుంది. మామ పది నిమిషాలు నిలబడి, కరెంటు దండగని ఆపేసి, నా వీపు మీద చెయ్యేసి, "చదువు చదువేరా" అన్నాడు.

అవ్వ ఇంటికొచ్చేనాటి ముందురోజు అకాలవాన కురిసింది. ఆళ్లగడ్డ మొత్తం ఉడకేసిన గిన్నెలా ఉంది. మనుషులేమిటి, గోడలకే చెమటలు పట్టాయి. మావాళ్లకు ఆపత్తు గడిచి ఇంటికొస్తే కృతజ్ఞత ప్రార్థన పెట్టుకోవడం ఆచారం. చర్చి అయ్యగారు, ఇరుగుపొరుగు, బంధువులు కలిసి ఇరవైమందికి పైగా ఆ చిన్నగదిలో కూచున్నారు. కంటికి దూది, దానిమీద నల్లటి డిప్ప, పైన గుడ్డకట్టుతో అవ్వను తెచ్చి మంచంమీద పడుకోబెట్టారు. మొదటి చల్లదనం ఆమెకే అందాలని మంచాన్ని సరిగ్గా ఏసీ కిందకు జరిపించి స్విచ్చి వేసింది నేనే. ఎవరో కిటికీ మూయబోతే, "తెరిచే ఉండాల. గాలి పోయే దారి లేకుంటే చల్లదనం రాదు," అని ప్రకటించింది కూడా నేనే. అందరూ తలలూపారు. నా జీవితంలో నా మాటను ఇరవైమంది ఒకేసారి ఒప్పుకోవడం అదొక్కసారే.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరం కళ్లు మూసుకున్నాం. ఆయన డాక్టరు గారిని, నర్సమ్మలను, కారు డ్రైవరును దీవించి, ఏసీ దగ్గరికొచ్చారు. "ఈ యంత్రాన్ని సిద్ధపరచిన బిడ్డ చేతులను కూడా" అనగానే, ఆ చేతులు సిద్ధపరచినదాన్ని ఒకసారి చూసుకుందామని ఒక కన్ను తెరిచాను. గడ్డి అడుగున నీటిబొట్లు వరసగా వేలాడుతున్నాయి. చూస్తూ ఉండగానే అవి ఒక గీత అయ్యాయి. పళ్లెం అంచు మీద నీళ్లు ఉబ్బి నిలబడి ఉన్నాయి. దానికింద అవ్వ తల. నేను అరవాలి. కానీ మా ఇంట్లో ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచినందుకే నాయన బెత్తం విరిగేదాకా కొట్టేవాడు (మిషన్ బడి అయ్యవారు, బెత్తాలకు కొరతలేదు). మాట్లాడినవాడికి ఏం జరుగుతుందో అప్పటిదాకా చరిత్రలో లేదు. నేను ఆమేన్ దాకా ఆగుదామనుకున్నాను. ఇన్నేళ్లయినా, ఆ రోజు జరిగినవాటన్నిటిలో నన్ను నిర్ఘాంతపరిచేది ఆ ఒక్క నిర్ణయమే.

అయ్యగారు లాడ్జి ఓనరును దీవిస్తుండగా బిందె వంచినట్టు పడ్డాయి నీళ్లు.

"కొట్టం కారతాందిరో!" అని అవ్వ కేక వేసింది.

అందరి కళ్లూ తెరుచుకున్నాయి. అయ్యగారు మాత్రం ఊపుమీద ఉండి ఇంకో వాక్యం చెప్పారు. నేను ఎగిరి పెట్టె పట్టుకున్నాను. తడి చేతికి కరెంటు కొట్టి, భుజందాకా జలదరించి, పాస్టరమ్మ గారి ఒళ్లో పడ్డాను. మామ పరుగెత్తి మెయిను ఆపాడు. అత్త వంగి అవ్వ కట్టును తడిమి చూసి, "తడిసిపోయినాది" అంది, చాలా మెల్లగా. మామ నోరు పత్తిమార్కెట్టంతా భయపడే నోరు. ఆయన నన్ను చూశాడు. అవ్వను ఎత్తుకుని కార్లో పడుకోబెట్టాడు. నన్ను ఎక్కమని ఎవరూ చెప్పలేదు.

పోతూ పోతూ ఆయన పంపించాడేమో, పంపుసెట్ల మోటార్లు చుట్టే వైండింగ్ భాయ్ వచ్చాడు. ఏసీ ముందు నిలబడి, బీడీ తీసి చెవి సందున పెట్టుకున్నాడు.

"ఈ గడ్డి ఏందప్పా?"

"చల్లదనానికి."

"ఎవురికి, దీనికా?" గడ్డి పీకి నా చేతిలో పెట్టాడు. తరవాత బయటికెళ్లి చూసొచ్చాడు. "బొక్క మూసిండేది ఎవురు?"

"కారతాంటే..."

"కారాలనే పెట్టినారప్పా దాన్ని! గాల్లో ఉండే తడంతా ఇది తాగి, ఆడినుంచి బయటికి పోస్తాది. నువ్వు దానికి ఒంటేలు బంద్ చేసినావ్."

"వెనక్కి వాలిందని..."

"వాలాలనే వాల్చినారు."

కిటికీల గురించి అడగలేదు. తనే వెళ్లి మూశాడు, ఊళ్లో ఉన్న తడిగాలంతా వచ్చి కూచున్నాక. చివరికి ఆ మసిపట్టిన జల్లెడ లాగి, సబ్బుబిళ్లతోసహా నాకు ఇచ్చాడు. "ఇది కడుగు. నువ్వు చేయాల్సిండేది ఇదొక్కటే. ఇదొక్కటే చేయలేదు. ఏం చదివినావ్?"

"బీఎస్సీ. ఫిజిక్సు."

చెవి సందులోని బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. "ఎవురన్నా అడిగితే కెమిస్ట్రీ అని చెప్పు."

ఆ జల్లెడను నాలుగుసార్లు కడిగాను. ఆ తరవాత అరుగుమీద కూచుని, కర్నూలు రోడ్డువైపు చూస్తూ, ప్రార్థన మధ్యలో తెరిచిన కంటికి బదులు రెండు కళ్లూ గట్టిగా మూసుకుని నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చేశాను. పొద్దుగూకే వేళకు కారొచ్చింది. మామ ముందు దిగాడు. "పైకట్టే తడిసినాదంట. డిప్ప కాపాడినాది. లోపల పొడిగానే ఉండాది. కట్టు మార్చినాడు," అన్నాడు. నేను మొహం కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లాను. అప్పటికే మూడుసార్లు కడుక్కుని ఉన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏసీ శుభ్రం చేయడానికి మెకానిక్కు వస్తే, నేను పక్కగదిలోకి వెళ్లి పేపరు చదువుకుంటాను. ఏమైనా అడిగితే మా ఆవిడను చూపిస్తాను. కానీ నిచ్చెనమీద నిలబడి, బుడగ నడిమధ్యకొచ్చిందని మురిసిపోయిన ఆ ఇరవైరెండేళ్లవాణ్ణి తలుచుకుంటే ఎందుకో కోపం రాదు. ఏ విషయంలోనైనా అంత ధీమా నాకు మళ్లీ కలగలేదు.

ఆ మూడు వారాలయ్యాక అవ్వ కట్టు విప్పి, సీసా అడుగంత మందపు అద్దాలిచ్చారు. ఆ ఆదివారం జల్లెడ కడగడానికి (ప్రతి ఆదివారం నంద్యాల నుంచి వచ్చి అదే పని చేస్తున్నాను) వెళ్లేసరికి, అవ్వ చల్లటి గదిలో మంచంమీద కూచుని ఇంటివాళ్లందరినీ ఒక్కొక్కరినే చూస్తోంది. మా మొహాలు చూసి ఆమెకు నాలుగేళ్లు. నన్ను దగ్గరికి రమ్మని, గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. ఆ తరవాత మామవైపు తిరిగింది.

"వీనికి ఇంగా మీసమే సరిగ్గా రాలేదు గదరా. వీని చేతికా నా కన్నిచ్చినారు?"