ఖర్జూరం పిస్తోలు

నర్సన్నా, ముందుగాల్నే చెప్తున్న, నడుమల నవ్వితె చెప్పుడు బంద్ వెడ్త. మొన్న బుధారం నేను నడుముకు పిస్తోలుతోని దొరికిన. ఎక్కడనుకున్నవ్? పాస్‌పోర్టుల ఆఫీసుల! పోలీసాయన ముంగట! రెండు చేతులు పైకెత్తి, కండ్లు మూసుకొని, తెలిసిన దేవుళ్ళందరినీ ఒక్కసారి పిలిచిన. అయినా జైలుకు పోలే. ఇంటికీ పోలే. ఇగో, మీ రూముల చాప మీద కూసోని మీ సులేమాని చాయ్ తాగుతున్న. మొదటికెళ్ళి చెప్త, ఇనుండ్రి.

మీకు ఎర్కే గద, నాది దర్జీ పని. నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ అబూ నాసర్‌కు ఇక్కడ సౌదీల, ఉనైజాల ఖర్జూరం తోట ఉన్నది, తోట ముంగట రోడ్డు మీద టైలర్ దుకాణం ఉన్నది. దుకాణంల ఇద్దరమే. హైదరాబాద్ యాకూబ్ భాయిది కత్తెర, నాది మిషన్. పొద్దంత తెల్ల తోబులు కుట్టుడే. మెడకాడికెళ్ళి మడిమెల దాంక ఒకటే పొడుగు అంగి, కుట్టి కుట్టి నాకు కలల గూడ తెల్లగనే కనవడుతది.

నేనొచ్చి మూడేండ్లయింది. వచ్చిన అయిదు నెల్లకు బిడ్డ పుట్టింది. ఫోటో సూసుకునుడే గని, ఒక్కసారి ఎత్తుకోలే. పోయిన యాడాది పోదామనుకుంటే కువైటు లడాయి వచ్చె. విమానాలు బంద్, సెలవు క్యాన్సల్! ఇప్పుడు లడాయి ఒడిసింది, రియాదుకెళ్ళి బొంబాయికి టికెట్టు తీసిన. ఏ దినానికి? ఇయ్యాల్టికి. ఈ శుక్రారానికి! కని పాస్‌పోర్టు ఎవల తాన ఉంటది? కఫీల్ తాన. ఆయన సంతకం పెట్టి, నన్ను ఆఫీసుకు తోల్కవోయి, ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర కొట్టిస్తెనే నేను కదిలేది. అంటె నా బిడ్డకు నాకు నడుమ ఉన్నది అబూ నాసర్ ఒక్కడే.

మనిషి మంచోడే, అబద్ధమెందుకు. కని జర భయం. లడాయి యాడ్నో సరిహద్దుల అయింది, మా ఉనైజాల ఒక్క పటాకన్న పేలలే. లడాయి నడిచినన్ని దినాలు ఈయన రొమ్ము ఇరిసే తిరిగిండు. అంతా సల్లవడ్డంక భయం షురూ అయింది! "రోజులు మంచిగ లేవు రాజేశం" అని దినాం పిస్తోలు పెట్టుకునుడు మొదలువెట్టిండు. లైసెన్సు ఉన్నది, అది వేరే ముచ్చట. కని ఆ పిస్తోలు తాతలనాటిది, ఇటుకపెడ్డంత ఉంటది. జేబుల ఏస్తె తోబంత ఒక దిక్కు గుంజుకపోయి, ఈయన వంకరగ నడుస్తుండె. ఒకనాడు చుట్టాలింట్ల విందుకు పోయిండు. కాఫీ గిన్నె అందుకుంటానికి వంగిండు. జేబు పర్రున చినిగి, పిస్తోలు దబ్బున పోయి అన్నం తాంబాళంల పడ్డది. మేక తలకాయ పక్కపొంటి! పెద్దమనుషులందరు తినుడు ఆపి దాన్నే సూసిండ్రట.

తెల్లారి చినిగిన తోబు పట్టుకొని దుకాణంలకు వచ్చిండు. "ఈ జేబు కుట్టిందెవరు?"

"నేనే షేక్."

ఆడికి నోరు మూసుకుంటే అయిపోవు. నాకు ఊకుంట మనసొప్పుతదా? "షేక్, గిది మామూలు జేబు. పిస్తోలుకు వేరే తీరు కుట్టాలె. మా మెట్‌పల్లిల ఠాణా పోలీసోళ్ళ డ్రెస్సులన్ని కుట్టింది నేనే. పిస్తోలు సంగతి నన్నడుగు!" అన్న. మీతోని దాచుడెందుకు, నేను కుట్టిందేందంటె, ఒక హెడ్డు సాబు ప్యాంటు నడుముకాడ వదులు జేసిచ్చిన. గంతే. ఆయన తాన గూడ లాఠీ తప్ప ఇంకోటి నేను సూడలే.

యాకూబ్ భాయి బల్ల కింద నా కాలు తొక్కిండు. "చుప్ బైఠ్ రే!" అని పండ్ల సందులకెళ్ళి అన్నడు. కని అప్పటికే కఫీల్ కండ్లు మెరిసినయ్.

మర్నాడు ఎక్కడెక్కడి అన్నదమ్ములను అడిగిండో ఏమో, మూడు చిన్న పిస్తోళ్ళు గుడ్డల చుట్టుకొని తెచ్చిండు. గుండ్లు లేకుంట. కత్తిరించే బల్ల మీద వరుసగ పెట్టిండు. "నువ్వు తెలిసినోనివి. వీటిల ఒకటి ఎంచు, అది కొంట. పొద్దంత నా ఒంటి మీద ఉండాలె, ఎవల కంటికీ ఆనద్దు. పనైనంక నీ ముద్ర" అన్నడు. ముద్ర అనంగనే నా పానం లేచొచ్చింది. ముట్టుకుంటె ఏమైతదో తెల్వదు, మీదికి మాత్రం పెద్ద ఉస్తాదు లెక్క మెడల టేపు సక్క చేసుకున్న.

ఇగ ఎంచుడు సూడు! దానెమ్మ, మనకు వచ్చింది కొలుచుడే గద. పొడుగు కొలిచిన, అడ్డం కొలిచిన, మందం కొలిచిన. మొదటిది మస్తు మెరుస్తది, కని పిడి లావు. పొట్ట మీద పెద్ద మిరపబజ్జీ పెట్టుకున్నట్టుంటది, వద్దన్న. రెండోదానికి నడుమల గుండ్రంగ తిరిగే డబ్బీ ఉన్నది. "షేక్, దీనికే కడుపున్నది, మీకు ఉన్నది, రెండు కడుపులు ఒక తోబుల ఇమడయి" అన్న. నవ్విండు. మూడోది పలక లెక్క సప్పటిది, మూలలన్ని గుండ్రం, దారం తట్టుకునే కొన లేదు. తోబు మీద పెట్టి సూస్తె ఇస్త్రీ జేసిన కాలరు లెక్క పండుకున్నది.

"ఇది ఖాయం" అన్న.

"ఎంత దూరం పోతది?" అని అడిగిండు కఫీల్.

"తొడ నడిమి దాంక షేక్, అంతకు కిందికి దిగనియ్య."

యాకూబ్ భాయి దగ్గుకుంట బయటకు పోయిండు. కఫీల్ మాత్రం బాగ ఆలోచన జేసి తలకాయ ఊపిండు. గుండు మంచిగ పేలుతదా, తాళం ఎక్కడున్నది, ఒక్కటి నాకు తెల్వదు, ఆయన అడగలే. నేను ఫిట్టింగు చెప్తున్న, ఆయన నమ్ముతున్నడు!

కని నమ్మకంతోపాటు అనుమానం గూడ ఉన్నది మనిషికి. అన్నం తాంబాళం ఇంకా కండ్లల్లనే తిరుగుతున్నట్టున్నది. "ముందుగాల నువ్వే మూడొద్దులు పెట్టుకొని తిరుగు. ఎవరు కనిపెట్టకుంటె అప్పుడు నేను తొడుక్కుంట" అన్నడు. అసలుది నాకిస్తడా? ఇయ్యడు, ఇస్తె ఇద్దరం లోపటికే. గందుకని నకలుది తయారు జెయ్యాలె. కట్టెతోని చెక్కి సూసిన, బరువు లేదు. రాయి పెట్టిన, తొడ కమిలింది. ఆఖరుకు తోటల డబ్బాలకు కుదించే ఖర్జూరం ముద్ద కండ్ల వడ్డది. బరువుకు బరువు, ఎట్లొత్తితె అట్లొస్తది! నల్ల లైనింగు గుడ్డ పిస్తోలు తీరు కత్తిరించి, ముద్ద గట్టిగ కూరి కుట్టిన. గొట్టం, పిడి, అన్ని సక్కగ వచ్చినయ్. యాకూబ్ భాయి తరాజుల పెట్టి సూసి, "అరె, అస్లీ హై క్యా?" అన్నడు. నాకు మురిపెం ఆగలే.

జేబు అంతకన్న మంచిగ కుట్టిన. తోబు లోపట నడుము పక్కకు, రెండు పొరల గుడ్డ, మూతికి నాడా, నాడాకు మూడు ముళ్ళు. తలకిందులు చేసి ఊపినా పిస్తోలు జారద్దు! జారకుంట కుట్టుడే పట్టుకున్న గని, అక్కెరవడ్డప్పుడు ఎట్ల తీస్తరన్నది నాకు యాదికే రాలే. దర్జీ తెలివి అంతే ఉంటది.

రెండొద్దులు అంగడికి పోయిన, రొట్టెల దుకాణంకు పోయిన, మంగలి తాన గడ్డం గీసుకున్న. ఒక్కడు పసిగట్టలే! నర్సన్నా, నడుముకు పిస్తోలుంటె మనిషి నడకనే మారుతది, అది తినేదైనా సరె. హోటలోడు పిలవకముందే కుర్చీ జరిపిండు. నేను గూడ మాటలు తక్కువ జేసి, మెల్లగ తలకాయ ఊపుడు నేర్చుకున్న.

మూడో దినం, బుధారం. ఆ దినమే ముద్ర. "ఆఫీసుకు పోతున్నవ్, గది ఇడిసి పో" అని యాకూబ్ భాయి మంచిగనే చెప్పిండు. ఇంటె గద! నా ఆలోచనేందంటె, ముద్ర పడ్డంక కఫీల్‌తోని అనాలె, "షేక్, పోలీసు ముంగటనే గంటసేపు నిలవడ్డ, కనిపెట్టిండా?" అని. గంత పని జేద్దామనుకున్న. రాత్రంత ఆ తోబు దుకాణంల ఖర్జూరం డబ్బాల పక్కన గోడ మొలకు ఏలాడిందన్నది నాకు యాదికి లేదు.

గేటుకాడ పోలీసాయన తడిమిండు. దొరకలే! నాకు గుండె నిండ గర్వం. లోపట లైను ఎండల దాంక ఉన్నది. ఒక్క గంట ఎండల నిలవడ్డంక నడుముకాడ ఏదో చెమ్మ తగిలింది. చెమట అనుకున్న. ఖర్జూరం కరుగుతున్నదని యాడ తెలుస్తది! నా వంతు వచ్చింది. పక్కన కఫీల్. బల్ల అవతల ఆఫీసరు నా పాస్‌పోర్టు తెరిచిండు, కాయిదం సూసిండు, ముద్రను సిరాల అద్దిండు, చెయ్యి పైకి లేపిండు. నా బిడ్డ మొఖం నాకు కండ్ల ముంగట ఆడుతున్నది.

అప్పుడు కరిచింది మొదటి చీమ.

ఓర్సుకున్న. రెండోది కరిచింది. మూడోది యాడ కరిచిందో మీకు చెప్ప. చెయ్యి దానంతటదే నడుముకు పోయింది. తోబు మీదికెళ్ళి గట్టిగ ఒత్తిన, ఒత్తితె ఏముంది, పిస్తోలు పిస్తోలు లెక్కనే బయటికి ఉబ్బి కనవడ్డది! తలుపుకాడి పోలీసాయన "ముసద్దస్!" అని కేక పెట్టిండు. పిస్తోలని అర్థం. లైనుల ఉన్నోళ్ళు ఉన్నట్టే నేల మీద పండుకున్నరు. ఆఫీసరు ముద్రతోసహా బల్ల కిందికి పోయిండు. ఇన్ని దినాలకెళ్ళి భయం భయం అని పిస్తోలుతోని తిరిగిన మా కఫీల్ ఏం జేసిండో తెలుసా? ఉరికొచ్చి నా ఎనుకకే దాక్కున్నడు! పిస్తోలున్నదని పట్టుకున్నది నన్నే గద సారూ, నా ఎనుక దాక్కుంటవేంది!

"చేతులు పైకి!"

ఎత్తిన. లోపట చీమలకు ఇంకింత సందు దొరికింది. నేను చేతులెత్తుకొని ఒక కాలు మీద ఎగురుతున్న, పోలీసాయన "కదలకు!" అని అరుస్తున్నడు. ఎట్ల కదలకుంటనయ్యా? ఆఖరుకు దగ్గరకొచ్చి జేబుల చెయ్యి పెట్టిండు. గుంజిండు. రాలే. రెండు చేతులతోని గుంజిండు. నా కుట్టు నర్సన్నా, వస్తదా! "నాడా ఇప్పాలె సార్, మూడు ముళ్ళున్నయ్" అని ఏడుపు గొంతుతోని నేనే చెప్పిన. ముళ్ళు ఇప్పరాక కత్తెర తెప్పిచ్చిండ్రు. పర్రున కోసిండ్రు.

వచ్చింది బయటికి. నల్లగ, జిగటగ, గొట్టంలకెళ్ళి చీమల బారు. పోలీసాయన సూసిండు. వాసన సూసిండు. మెల్లగ అడిగిండు, "సుక్కరీ ఖర్జూరమా?"

"ఔ సార్."

బల్ల కిందికెళ్ళి ఆఫీసరు తలకాయ లేచింది. "ఎవల తోటది?"

తోట మాట ఇనంగనే నా ఎనుకకెళ్ళి అబూ నాసర్ ముంగటికి వచ్చిండు, రొమ్ము ఇరుసుకొని. "మా తోటదే! తినుండ్రి, సిగ్గువడకుండ్రి!" అని వచ్చిన చుట్టాలకు చెప్పినట్టు మర్యాద జేసుడు షురూ జేసిండు. ఎవలో కాఫీ తెచ్చిండ్రు. నేల మీద పండుకున్నోళ్ళు లేచి దుమ్ము దులుపుకున్నరు. ఆఫీసరు గుడ్డ చింపి, గొట్టం ఇరిసి, చీమలు దులిపి, నోట్లె ఏసుకొని "మాషా అల్లా" అన్నడు. పోలీసాయన పిడి తిన్నడు. అందరు నవ్వుడే నవ్వుడు. నా పానం తిరిగొచ్చింది. ఇగ ముద్ర పడుతదనే అనుకున్న!

ఆఫీసరు చెయ్యి కడుక్కొని, "గేటుకాడ తడిమినా ఎట్ల దొరకలే?" అన్నడు.

తెల్వదు సార్ అంటె అయిపోవు. రెండోసారి, సరిగ్గ రెండోసారి, నా నోరు లేచింది. జేబుల సుద్దముక్క ఉండె. ఆయన బల్ల మీదనే గీసి సూపెట్టిన. పొర ఎట్ల ఎయ్యాలె, వాలు ఎంత పెట్టాలె, తడిమినా చేతికి నడుమెముక లెక్క ఎందుకు తగులుతది, అన్ని! ఆఫీసరు కండ్లు పెద్దగ జేసి ఇన్నడు. "నాకు మూడు తోబులు ఇట్లనే" అన్నడు. పోలీసాయన "నాకు రెండు." మా కఫీల్ ఎనుకవడుతడా? "నాకు ఆరు!"

పదకొండు. ముద్ర ఇంకా పడలే, దాని సిరా తడి మీదనే ఉన్నది. అబూ నాసర్ చెయ్యి చాపి నా పాస్‌పోర్టు బల్ల మీదికెళ్ళి తీసుకున్నడు. తన జేబుల పెట్టుకున్నడు. "శుక్రారం కాదు, వచ్చే నెల పోతడు. గింత మంచి జేబు కుట్టేటోడు నాకు ఇంకొకడు దొరుకుతడా?" అని నా భుజం తట్టిండు. కోపం చేస్తె బాగుండు, మెచ్చుకున్నడు. మెచ్చుకున్నోన్ని ఏమనాలె? బయటకొచ్చి గోడకు మొఖం పెట్టి ఏడ్చిన. చీమల కాట్లకు ఏడుస్తున్ననని కఫీల్ మందు కొనిచ్చిండు.

ఇంటికి ఫోన్ జేసిన, ఊర్ల సేటు దుకాణంలకు. వచ్చే నెల వస్తనని మా ఆమెకు చెప్పిన. బిడ్డ ఫోన్ గుంజుకొని, "నాయినా, ఎప్పుడొస్తవ్?" అన్నది. పదకొండు అంగీలు కుట్టి వస్త బిడ్డా అన్న. దానికి లెక్క అయిదు దాంకనే వచ్చు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అన్నది, అయిపోయినయ్ నాయినా, రా అన్నది.

ఇప్పటికి ఆ విమానం రియాదుల లేస్తుంటది, నర్సన్నా. నా సీటు ఖాళీగ పోతది. నవ్వుతె నవ్వుండ్రి, ఇగ ఏం జేస్త. పోలీసు చేతికే దొరకకుంట పిస్తోలు దాచినోన్ని, నా తెలివి దాచుకునేటందుకు మాత్రం ఒక్క జేబు కుట్టుకోలే!