మాయమైన గీత

వసంతక్క థీసిస్‌ను ఒక్క పూటలో ముంచబోయిన ఘనత నాది. ఇప్పుడు చెబుతూ నవ్వుతున్నాను కానీ, ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ.

లాస్‌పేటలో ఒక పరిశోధనాశాలలో అప్పుడే చేరాను. వసంతక్క నాకు సీనియర్, మా పేట ఉప్పళం మనిషే. ఆమె థీసిస్ అంతా ఒక యాంటీబాడీ మీద నిలబడి ఉంది. కణంలోని అన్ని ప్రోటీన్లలో అది ఒక్కదాన్నే పట్టుకుంటుందనీ, పట్టుకున్న చోట, ఆ ప్రోటీన్లు అద్దిన పొర మీద నల్లటి గీత పడుతుందనీ నమ్మకం. "వేరేదాన్ని పట్టుకోవడం లేదని రుజువేమిటి?" అన్నారు మా గైడ్ మేడమ్. సాయంత్రమే థీసిస్ కమిటీ ముందు కూర్చోవాలి.

రుజువుకు ఉపాయం ఉంది. యాంటీబాడీ ఆ ప్రోటీన్‌లో ఏ ముక్కను పట్టుకుంటుందో, అచ్చం అలాంటి ముక్కను కృత్రిమంగా తయారుచేసి అమ్ముతారు. బ్లాకింగ్ పెప్టైడ్ అంటారు. రెండూ ముందే కలిపేస్తే యాంటీబాడీకి చేతులు ఖాళీ ఉండవు, పొర మీద గీత పడదు. పడిందంటే, ఇంకేదో పట్టుకుంటోందని అనుమానించాల్సిందే.

"నాకు చేతులు వణకతా ఉండాయి. నువ్వు చేస్తావా శ్యామలా?" అంది వసంతక్క.

"నువ్వు కూర్చో అక్కా," అన్నాను, పెళ్లి పెద్దలాగా.

యాంటీబాడీ మాత్రమే వేసిన మొదటి పొర పట్టీ మీద కాటుకతో దిద్దినట్టు గీత. పెప్టైడ్ కలిపిన రెండో పట్టీ ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. వసంతక్క కళ్లు తుడుచుకుని, మేడమ్‌కి ఫోన్ చేసి, మైసూర్‌పాకు తెప్పించింది. అందరి నోళ్లలో అది కరుగుతుండగా, నేను సామాను సర్దుతూ మంచు బకెట్‌లోకి చూశాను. కరిగిన నీళ్లలో ఒక చిన్న ట్యూబు తేలుతోంది. మూత మీద నా చేతిరాతతో '2'. రెండో పట్టీకి వేయాల్సిన యాంటీబాడీ, చుక్క తగ్గకుండా అలాగే ఉంది.

పట్టుకునేదే రాకపోతే గీత ఎలా పడుతుంది? సింకు పక్కనే ఉంది. ట్యూబు అందులో ఒంపేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని మీతో బుకాయించను.

"అక్కా, ఒక మాట."

"ఏంది, మొగం అట్లుంది? మైసూర్‌పాకు బాగలేదా?"

"రెండోదాంట్లో యాంటీబాడీ వెయ్యలేదు."

"మరేం వేసినావు?"

"పెప్టైడ్ ఒక్కటే."

ఆమె నమలడం ఆపేసింది. "మేడమ్‌కి చెప్పేసినానే," అంది మెల్లగా. మళ్లీ ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పి, మిగిలిన పట్టీలు తీసింది. ఈసారి నేను వేసే ప్రతి చుక్కనూ పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా కాపలా కాసింది. రెండోదాని మీద గీత పడితే ఆమె ఇన్నేళ్ల కష్టం నీళ్లపాలు. పడకూడదని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

మొదటి పట్టీ మీద గీత పడింది. రెండోదాని మీద పడలేదు.

వసంతక్క రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టింది. "పొద్దున వచ్చిన ఫలితం నిజమే. నువ్వు చేసిన పరీక్షే అబద్ధం."

కాబట్టి అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ యాంటీబాడీని పరీక్షించినా, ఆ పరీక్షకు యాంటీబాడీని కూడా పిలుస్తాను.