ఇండ్ల నడుమ ఎడం

ఆ ఇంజనీరు పేరెత్తితే నాకు ఆయన చేతులే గుర్తొస్తాయి. రాష్ట్రం వచ్చే ముందటేడు, కామారెడ్డి బస్టాండులో పడుకునేవాళ్లకు ఎల్లారెడ్డి రోడ్డు పక్కన ఇండ్లు కట్టించాడు. ఎవరేమడిగినా రెండు చేతులూ దూరంగా చాపి, "ఇండ్లకు ఎడముండాలె. గదే మర్యాద" అనేవాడు.

బస్టాండులో నేను రోజూ పలకరించే బీడీల అవ్వ బతిమాలింది. "గోడకు గోడ ఆనిచ్చి కట్టు బాపు. రాత్రి దమ్మొచ్చి ఊపిరాడకుంటే పక్కదాన్ని పిలుస్త. గట్లనే ఇన్నేండ్లు బతికిన."

"ఇల్లిస్తుంటే బస్టాండే గావాల్నా అవ్వా?" అని నవ్వి, మళ్లీ చేతులు చాపాడు.

ఇండ్లు విడివిడిగా లేచాయి. నడుమ పూలమొక్కలు పెట్టించాడు.

తొలి చలికాలంలోనే అవ్వ దమ్ముతో పోయింది. తెల్లారి పక్కింటామె చాయ్ పట్టుకొస్తేగాని ఎవరికీ తెలియలేదు.

ఆయన వచ్చి గడపలోంచే శవాన్ని చూశాడు. నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "పాపం, ఎవల నిద్రా చెడగొట్టకుంట పోయింది."